కొబ్బరి నీడన కోకో కాయ

ఏలూరు నుంచి జంగారెడ్డిగూడెం వెళ్లే రోడ్డు. కొల్లేరు వైపు నల్లమట్టి, చేపల చెరువులు వెనకే ఉండిపోయాయి. ఇక్కడ నేల ఎర్రన, దుక్కి చేసిన చోట మరీ ఎర్రన. అటూ ఇటూ పామాయిల్ తోటలు, మధ్యమధ్య మొక్కజొన్న, పొగాకు. గోదావరి జిల్లా అనగానే కాలవలూ వరిచేలూ ఊహించుకునేవాళ్లకి ఈ మెట్ట కొత్తగా అనిపిస్తుంది. ఇక్కడి తోటలు బోరు నీళ్ల మీద బతుకుతాయి.

తడికలపూడి దాటాక, కోకో తోట చూడ్డానికి బయల్దేరిన మన వ్యాను రోడ్డు దిగి మట్టిబాట పట్టింది. ఫిబ్రవరి నెల, ఉదయం ఏడున్నర. వ్యానులో మనతోపాటు హైదరాబాదు నుంచి వచ్చిన రెండు కుటుంబాలున్నాయి, రాజమండ్రిలో బేకరీ నడుపుతున్న దంపతులున్నారు, వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం విద్యార్థులు ఇద్దరున్నారు. గేటు దగ్గర తోట రైతు నిలబడి ఉన్నాడు. పంచె మోకాళ్ల దాకా ఎగ్గట్టి, తలకి తువ్వాలు చుట్టుకున్నాడు. మన కాళ్ల వైపు చూశాకే మొహాల వైపు చూశాడు.

"చెప్పులొద్దండి. బూట్లుంటే వేసుకోండి, లేపోతే అక్కడ మావి ఉన్నాయి. ఆకు కింద ఏవుంటాయో మనకి కనపడదు."

బూట్లు మార్చుకుని లోపలికి నాలుగడుగులు వేయగానే వెలుతురు సగమైంది, గాలి చల్లబడింది. పైన కొబ్బరి మట్టలు, వాటి కింద మన తలకి కాస్త ఎత్తులో కోకో కొమ్మలు. కొబ్బరి మొదళ్లని పట్టుకుని మిరియాల తీగలు పాకుతున్నాయి. ఎండ ముక్కలు ముక్కలుగా కిందికి దిగుతోంది. కోకోకి కావలసింది ఇలాంటి నీడే. అమెజాన్ అడవిలో పెద్ద చెట్ల కింద పెరిగిన చెట్టు ఇది, నడినెత్తిన ఎండ పడితే దీనికి గిట్టదు. ఎనిమిది మీటర్ల ఎడంతో వేసిన కొబ్బరి మధ్య ఎన్నో ఏళ్లు ఖాళీగా ఉన్న నేలలోకి అందుకే ఇది అంత సులువుగా వచ్చి కూర్చుంది.

కాళ్ల కింద ఎండుటాకు చీలమండల దాకా ఉంది. అడుగు వేసినప్పుడల్లా పెద్ద చప్పుడు. బేకరీ ఆవిడ అడిగింది, "ఇదంతా ఊడ్పించరాండీ?"

"ఊడిస్తే తోట పోద్దమ్మా," అన్నాడు రైతు. వంగి ఆకు పొరని చేత్తో పక్కకి నెట్టాడు. కింద నేల నల్లగా, తడిగా ఉంది. బయటున్న ఎర్రమట్టికి దీనికి పోలికే లేదు. "ఏటా రాలిందే ఇది. ఎరువూ ఇదే, దుప్పటీ ఇదే. ఇంకోటి కూడా ఉంది, రండి చూపిస్తాను."

ఆయన ఒక చెట్టు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. హైదరాబాదు పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు, ఎనిమిదేళ్లుంటాయి వాడికి. మనం కూడా వంగితేగాని కనపడదు. చెట్టు మొదలు మీద, బెరడులోంచి నేరుగా, గోరంత పూలు. తెల్లటి రేకులు, లేత గులాబీ చార, సన్నటి కాడ. ఆకుల మధ్య వెతుక్కునే పూలు కావివి. మొదలు మీదా లావుపాటి కొమ్మల మీదా పూస్తాయి, అక్కడే కాస్తాయి.

"నాన్నా, ఇది ఎవరి చుట్టమో తెలుసా?" అన్నాడు రైతు. పిల్లవాడు తెలీదన్నాడు. విద్యార్థుల్లో ఒకడు అందుకున్నాడు. మందార, బెండ, పత్తి, గోంగూర, కోకో అన్నీ ఒకే కుటుంబం. రోజూ ఇంట్లో వండుకునే గోంగూరకి చాక్లెట్ దాయాది అని విన్నాక పిల్లవాడి తల్లి ఆ పూవుని మళ్లీ వంగి చూసింది.

ఈ పూలకి తేనెటీగ పనికిరాదు. పూవు కట్టుబడి అంత ఇరుకు. గుండుసూది తల కంటే చిన్న ఈగ జాతి ఒకటి లోపలికి దూరి పుప్పొడి అంటించాలి. ఆ ఈగ గుడ్లు పెట్టేది కుళ్లుతున్న ఆకుల్లో, పగిలిన కాయ తొక్కల్లో. రైతు ఇందాక చూపిస్తానన్న రెండో సంగతి ఇదే. తోట ఊడ్చి శుభ్రంగా పెట్టుకుంటే ఈగ ఉండదు, ఈగ లేకపోతే కాయ ఉండదు. అన్నీ అనుకూలించినా నూరు పూలలో కాయకట్టేవి ఒకటో రెండో, మహా అయితే అయిదు. మిగతావి ఒకటి రెండు రోజుల్లో రాలిపోతాయి. పిందె కట్టాక కూడా భరోసా లేదు. మోయగలిగినన్ని కాయలే ఉంచుకుని మిగతా పిందెలని చెట్టే ఎండబెట్టుకుంటుంది. అలా నల్లబడి కొమ్మకి అతుక్కున్న పిందెలు చుట్టూ చాలా ఉన్నాయి. ఒకసారి కనిపించాక అవే కనిపిస్తాయి.

నిలిచిన కాయ పండడానికి అయిదారు నెలలు పడుతుంది. అందుకే ఒకే చెట్టు మీద పూవు, పిందె, పచ్చికాయ, పండు అన్నీ ఉన్నాయి. పసుపు తిరిగిన కాయ ఒకదాన్ని రైతు చెవి దగ్గర ఆడించి చూసి కత్తెరతో కాడ తెంపాడు. మెలితిప్పి లాగడానికి చెయ్యి చాచిన ఒకాయన్ని ఆపేశాడు. "లాగితే ఆ కణుపు చిరుగుద్దండి. మళ్లీ ఏడు పూవు అక్కణ్నించే రావాలి."

కొంచెం ముందు నేల మీద కాయలు కొన్ని పడున్నాయి, ఒక్కోదానికి పక్కన గుండ్రటి కన్నం. ఎలుకల పనీ ఉడతల పనీ. లోపలి తీపి గుజ్జు తినేసి, చేదు గింజలని వదిలేసి పోతాయి. ఎవరూ నేర్పకుండానే వాటికి తెలిసిన విషయాన్ని మనం ఇప్పుడు నోటితో తెలుసుకోబోతున్నాం.

చెట్ల మధ్య కాస్త జాగాలో కాయలు కుప్ప పోసి ఉన్నాయి. చుట్టూ నలుగురు ఆడవాళ్లు, పాత గోనెల మీద కూర్చుని కాయలు కొడుతున్నారు. అందరిలో పెద్దావిడకి యాభై దాటి ఉంటాయి. చేతిలో పొట్టి కర్ర. కాయ నడుము మీద ఒక్క దెబ్బ, కొంచెం తిప్పి ఇంకొకటి, కాయ రెండు చెక్కలవుతుంది. లోపల మధ్య కాడకి అంటుకుని తెల్లగా గింజల గుత్తి. వేళ్లతో దాన్ని బుట్టలోకి జార్చి, చెక్కలని వెనక్కి విసిరేస్తోంది. మనతో మాట్లాడుతూనే ఉంది, చేతులు ఆగడం లేదు.

"కత్తితో అయితే తొందరగా అవదా అక్కా?" అని అడిగారెవరో.

"అవుద్దమ్మా. గింజకి గాటు పడుద్ది. గాటు పడిన గింజకి బూజొస్తాది. బూజు గింజ ఒకటి చాలు, బస్తా అంతా ఎవడూ కొనడు."

ఆవిడ మనందరి చేతుల్లో ఒక్కో గింజ పెట్టింది. జిగటగా ఉంది. "కొరక్కండి. చప్పరించండి ముందు."

నోట్లో పెట్టుకుంటే మొదట తీపి, సీతాఫలం వైపు. వెంటనే నిమ్మపులుపు. చాక్లెట్ అనే మాటకి దీనికి ఎక్కడా సంబంధం లేదు. పిల్లవాడు ఇంకోటి అడిగాడు, ఇంకోటి అడిగాడు, కాయలో మిగిలిన గింజలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. సాధారణంగా కాయకి ముప్ఫై నుంచి నలభై అయిదు దాకా ఉంటాయి. కిలో ఎండు గింజలు కావాలంటే ఇలాంటి కాయలు పాతిక దాకా పగలాలి.

"ఇప్పుడు కొరకండి," అంది పెద్దావిడ.

గుజ్జంతా పోయిన గింజని పంటి కింద పెట్టాం. లోపల వంకాయ రంగు. చేదు, దాని వెనకే నాలుకని పిండేసే వగరు. బేకరీ ఆయన పక్కకి తిరిగి ఊసేశాడు. పెద్దావిడ నవ్వింది. ఈ గింజని ఇలాగే ఎండబెట్టి, ఎంత బాగా వేయించి, ఎంత పంచదార కలిపినా చాక్లెట్ రుచి రాదు. ఆ రుచి కాయలో లేదు, చెట్టులో లేదు. అది పుట్టే చోటు ఇక్కణ్నించి ఎంతో దూరం లేదు. మనం నడుస్తున్నది అటే.

రేకుల షెడ్డు. కనపడక ముందే వాసన వచ్చింది. తాటితోపు పక్కనుంచి పొద్దెక్కాక నడిచినవాళ్లకి వెంటనే తెలిసే వాసన, కల్లు వాసన. గుమ్మంలో అడుగుపెట్టేసరికి అందులో పదునైన పులుపు కలిసింది. లోపల మూడు మెట్లుగా పేర్చిన చెక్క పెట్టెలు. పై మెట్టు పెట్టెలో గింజలు రెండు రోజులు మాగుతాయి, తర్వాత కింది మెట్టులోకి తోసి తిరగేస్తారు, ఇంకో రెండు రోజులకి ఆ కింది దానిలోకి. అడుగున కన్నాలున్నాయి, వాటిలోంచి గుజ్జు నీరై కారిపోతోంది. పైన అరిటాకులు, వాటి మీద గోనెపట్టా.

నా మట్టుకు నాకు ఈ యాత్ర మొత్తం ఈ షెడ్డు కోసమే. దేశదేశాల్లో కోకో తోటలు చూపించేవాళ్లు చెట్టు చూపిస్తారు, కాయ కొట్టి చూపిస్తారు, చివర చాక్లెట్ పెడతారు. వాసన వస్తుందనో, జనానికి అర్థం కాదనో ఈ పెట్టెల గదిని రెండు నిమిషాల్లో దాటించేస్తారు కొందరు. అలా చేస్తే వచ్చినవాళ్లు అసలు సంగతి చూడకుండానే వెళ్లిపోయినట్టు. ఇక్కడి రైతు మాత్రం మనల్ని లోపల నిలబెట్టి తలుపు దగ్గరికి వేశాడు. గాలి తగిలితే పెట్టె చల్లబడుతుందట.

అరిటాకు ఎత్తి, "చెయ్యి పెట్టండి," అన్నాడు. గింజల్లోకి మణికట్టు దాకా చెయ్యి దించితే వేడి కొట్టింది. పొయ్యి లేదు, కరెంటు లేదు. పొడుగాటి ఉష్ణమాపకం గుచ్చి తీస్తే 48 డిగ్రీలు. మొదటి రోజుల్లో గుజ్జులోని పంచదారని ఈస్టు తిని సారాయి చేస్తుంది, కల్లు వాసన దానిదే. గుజ్జు కారిపోయి గాలి ఆడడం మొదలయ్యాక ఇంకో రకం సూక్ష్మజీవులు ఆ సారాయిని వెనిగర్‌గా మారుస్తాయి. ఆ పనిలో పుట్టిన వేడే ఇది. ఆ వేడికీ పులుపుకీ గింజలోని మొలక చచ్చిపోతుంది. గింజ లోపలి గోడలు తెగుతాయి, విడివిడిగా ఉన్న రసాలు కలుస్తాయి, వగరు తగ్గుతుంది, వంకాయ రంగు గోధుమ రంగుకి తిరుగుతుంది. రేపు పెనం మీద చాక్లెట్ వాసనగా లేచేదానికి విత్తనం పడేది ఈ అయిదారు రోజుల్లో, ఈ చీకటి పెట్టెలో.

ఒక రోజు తక్కువైతే వగరు, రెండు రోజులు ఎక్కువైతే కుళ్లు. తిప్పాల్సిన రోజు తిప్పకపోతే మధ్యలో గింజలు ఉడికి, మూలల్లో గింజలు పచ్చిగా మిగులుతాయి. ఇదంతా చేతి లెక్క, ముక్కు లెక్క. ఈ జిల్లాలో ఏళ్ల తరబడి రైతులు గింజలు బస్తాలకెత్తి కంపెనీ మనిషికి తూచి ఇచ్చారు. తమ గింజ ఎలాంటి చాక్లెట్ అయిందో వాళ్లలో చాలామంది నాలుకకి తెలియదు. చాక్లెట్ అట్ట మీద తోట పేరు వేయడం ఈమధ్య మొదలైంది, మంచిదే. నన్నడిగితే ఆ పక్కనే పెట్టె తిప్పిన మనిషి పేరు కూడా ఉండాలి.

పై మెట్టు మీద చివరి పెట్టెకి సుద్దతో మొన్నటి తేదీ వేసి ఉంది. "దీన్ని ఇవాళ తిప్పాలి," అన్నాడు రైతు. "మీరు చాక్లెట్ తిని వచ్చాక."

షెడ్డు బయట ఎండలో ఎత్తైన బల్లల మీద వల పరిచి గింజలు ఆరబోశారు. పైన ప్లాస్టిక్ కప్పు. చెక్క దంతెతో గంటకోసారి కదుపుతారు. వారం రోజులు ఇలా ఆరితే తేమ ఏడు శాతానికి దిగుతుంది. గుప్పెడు పట్టి నొక్కితే చిటచిటమని విరిగిన చప్పుడు రావాలి. విద్యార్థులిద్దరూ ఓ పీట ముందేసుకుని గింజలని నిలువునా కోస్తున్నారు. లోపల గోధుమ రంగు, పగుళ్లు ఉంటే బాగా మాగినట్టు. వంకాయ రంగు మిగిలితే తక్కువ మాగినట్టు. పలక రంగులో గట్టిగా ఉంటే అసలు మాగనట్టు.

కొబ్బరి బొండాలు వచ్చాయి. తాగుతూ బేకరీ ఆయన ధర అడిగాడు. ఇంత పొద్దెక్కినా ఎవరూ ఎత్తని ప్రశ్న అది. రైతు బొండం కింద పెట్టాడు.

ప్రపంచపు కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనా దేశాల్లోనే పండుతుంది. అక్కడ వానలు దెబ్బతీసి, చెట్లకి తెగుళ్లు పట్టి పంట పడిపోయేసరికి 2024 మార్చిలో న్యూయార్కు మార్కెట్లో టన్ను ధర పదివేల డాలర్లు దాటింది. డిసెంబరుకి పన్నెండు వేలు దాటింది. ఆ గాలి ఈ మెట్టకీ వీచింది, ఎండు గింజలు కిలో వెయ్యి రూపాయల దాకా పలికాయి. "అప్పుడు రాత్రిళ్లు తోటకి కాపలా పడుకున్నాం," అన్నాడు రైతు. మరుసటి ఏడు ధర సగానికి పడింది. కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. ఏలూరు జిల్లా రైతులు రోడ్డెక్కారు, ప్రభుత్వం కిలోకి యాభై రూపాయలు కలిపి ఇస్తానంది. ఎక్కడో వాన ఎక్కువైతే ఇక్కడ ఇల్లు కట్టుకుంటారు, అక్కడ తెగులు తగ్గితే ఇక్కడ అప్పు పెరుగుతుంది. ఇందులో ఈయన చేతిలో ఉన్నది ఏమిటి? పెట్టెలో గింజ ఎలా మాగుతుందన్నది ఒక్కటే.

మన దేశానికి కోకో కొత్తదేం కాదు. 1798లోనే కుర్తాళంలో మొక్కలు నాటారు. అసలు సాగు మాత్రం 1965లో వయనాడులో క్యాడ్‌బరీ ప్రదర్శన క్షేత్రంతో మొదలైంది. ఎనభైల మొదట్లో ధర కూలిపోయి కేరళ రైతులు ఎన్నో తోటలు నరికేశారు. తర్వాత పంట తూర్పుకి జరిగింది. ఇప్పుడు కోకో పండించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌దే ముందు వరుస, అందులోనూ ఈ జిల్లాది పెద్ద వాటా. అయినా దేశంలో చాక్లెట్ ఫ్యాక్టరీలకి కావలసిన దాంట్లో ఎక్కువ భాగం బయటి నుంచే వస్తోంది. 2023లో బంజారాహిల్స్‌లో 'మనం చాక్లెట్' అనే సంస్థ కార్ఖానా తెరిచినప్పటి నుంచి పశ్చిమ గోదావరి కోకో అనే మాట హైదరాబాదు వాళ్ల నోట వినపడుతోంది. మరుసటి ఏడాది టైమ్ పత్రిక ప్రపంచంలో చూడదగ్గ ప్రదేశాల జాబితాలో దాన్ని చేర్చింది. మనతో వచ్చిన కుటుంబాల్లో ఒకటి వాళ్ల చాక్లెట్ అట్ట మీద ఊరి పేరు చూసే ఇటు బయల్దేరిందట.

ఇప్పుడు తోట చివర ఉన్న పెంకుటిల్లు. ముందు గదిలో రైతు కోడలు మన కోసం చూస్తోంది. చాక్లెట్ పని అంతా ఆవిడదే. ఇనప మూకుడులో గుప్పెడు ఎండు గింజలు వేసి సన్నటి సెగ మీద కలుపుతోంది. మొదట పులుపు ఆవిరి లేచింది, కళ్లు కాస్త మండాయి. కాసేపటికి గింజలు చిటపటలాడాయి. అప్పుడు వచ్చింది వాసన. పిల్లవాడు ఆడుతున్నవాడల్లా తల తిప్పి, "అమ్మా, చాక్లెట్!" అన్నాడు. ఉదయం నుంచి ఇన్ని వాసనలు దాటి వచ్చాక ఇదే మొదటిసారి ఆ మాట దాని చోట దానికి దొరకడం.

చల్లారిన గింజని వేళ్ల మధ్య నలిపితే పొట్టు ఊడింది. చేటలో వేసి చెరిగింది, పొట్టు ఎగిరి పలుకులు మిగిలాయి. మూల ఒక గ్రైండరు నిన్నటి నుంచి తిరుగుతూనే ఉంది. అడుగున గ్రానైటు రాయి, పైన తిరిగే రెండు గ్రానైటు చక్రాలు. ఇడ్లీ పిండి రుబ్బే తడి గ్రైండరు వంశమే ఇది. ఈ శతాబ్దం మొదట్లో అమెరికాలో ఇళ్లలో చాక్లెట్ చేయబోయినవాళ్లు చిన్న యంత్రం దొరక్క మన తడి గ్రైండరుని పట్టుకున్నారు. అక్కణ్నించి అది కొద్దిపాటి మార్పులతో ప్రపంచమంతా తిరిగింది. కోకో పలుకుల్లో సగానికి సగం కొవ్వే కాబట్టి చుక్క నీళ్లు పోయకుండానే రాయి వేడికి అవి జారై కారుతున్నాయి. నాలుకకి రవ్వ తగలకుండా మెదగాలంటే ఒకటి రెండు రోజులు తిరగాలి.

బల్ల మీద మూడు పళ్లేలు, ఒక్కోదానిలో నల్లటి చిన్న బిళ్లలు. చూడ్డానికి తేడా లేదు. "మూడూ ఈ తోటవే," అంది కోడలు. "ఒకే వారం కాయ, ఒకే వేపుడు, డెబ్భై పాళ్లు కోకో, ముప్ఫై పాళ్లు పంచదార. పాలు లేవు. పెట్టెలో ఉన్న రోజులే తేడా. మొదటిది నాలుగు, రెండోది ఆరు, మూడోది ఎనిమిది. నమలొద్దు. విరిచి, వాసన చూసి, నాలిక మీద పెట్టి ఊరుకోండి."

విరిస్తే టప్పున విరిగింది. కోకో కొవ్వు ఆరు రకాలుగా గడ్డకట్టగలదు. అందులో ఒక్క రకానికే ఈ నిగనిగా ఈ విరుపూ ఉంటాయి. దాన్ని రాబట్టడానికే కరిగించి, చల్లార్చి, మళ్లీ కొంచెం వెచ్చచేసి పోస్తారు. 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మన ఒంటి వేడి కంటే కాస్త తక్కువ. అందుకే చేతిలో నిలిచి నోట్లో కరుగుతుంది.

మొదటి బిళ్ల. చేదు ముందుకొచ్చింది, ఆ తర్వాత పొద్దున కొరికిన పచ్చి గింజ వగరు పలచగా మళ్లీ తగిలింది. మొహాలు చిట్లాయి. నీళ్లు తాగాం. మూడోది ఆవిడ ముందే తినమంది. రుచి మెత్తగానే మొదలై, వెనక నుంచి ఊరిన తోలు వాసన లేచింది. బేకరీ ఆవిడ చాలన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. ఇక రెండోది. పులుపు, కానీ పళ్ల పులుపు. నేరేడు గుర్తుకొచ్చేలోపు బెల్లం పాకం వచ్చింది, అది వెళ్లాక కూడా చాలాసేపు నోరు మంచిగా ఉంది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. ఎండుద్రాక్ష అన్నారొకరు, కాఫీ అన్నారొకరు. పిల్లవాడు మాత్రం పాల చాక్లెట్ లేదా అని అడిగాడు, దాచి ఉంచిన ముక్క ఒకటి కోడలు వాడి చేతిలో పెట్టింది.

గుమ్మం దగ్గర కాయలు కొట్టే పెద్దావిడ బుట్ట దింపుతోంది. కోడలు పిలిచింది. "పిన్నీ, నువ్వు కూడా రా. ఇది సంక్రాంతి వారం గింజ."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి రెండో పళ్లెంలో బిళ్ల తీసి నోట్లో వేసుకుంది. కళ్లు కిందికి దించి నిలబడింది. మనం మెచ్చుకోలు కోసం చూస్తున్నాం.

"బాగానే ఉంది," అంది. "ఆఖర్న కొంచెం పిండుతుంది."

మళ్లీ తిన్నాం. నిజమే. బెల్లం వెళ్లిపోయాక, గొంతు దగ్గర, సన్నటి వగరు గీత ఒకటి. అంతమందిమి తిన్నాం, ఆవిడ చెప్పేదాకా ఒక్కరికీ తగల్లేదు.

"మూల పెట్టె గింజ కలిసింది ఇందులో," అంది ఆవిడ. "పండగ మూడ్రోజులూ మేం రాలేదు కదమ్మా. ఆ పెట్టెని రెండోసారి ఎవరూ తిప్పలేదు."

కోడలు అలమరలోంచి పుస్తకం తీసింది. జనవరి పేజీ, పెట్టె నంబరు, నింపిన తేదీ, మొదటి తిప్పుడు. రెండో తిప్పుడు గడి ఖాళీగా ఉంది. మామగారి వైపు చూసింది.

"మావయ్యగారూ?"

"నాకే చెప్పి వెళ్లారు," అన్నాడాయన. "కనుమ నాడు చుట్టాలొచ్చారు, మర్చిపోయాను. వచ్చే ఏడు పండగైనా పబ్బమైనా నేనే తిప్పుతాను." పెద్దావిడ వైపు తిరిగి, "నువ్వు దగ్గరుండి చూద్దువుగాని," అన్నాడు.

ఆవిడ ఇంకో బిళ్ల తీసుకుంది. "ముందు ఇవాల్టిది చూడండి బాబుగారూ. పదకొండవుతుంది, ఆ మొన్నటి పెట్టె చల్లారిపోద్ది."

చెక్క పారలు నాలుగే ఉన్నాయి, మనం పదిమందిమి పైనే. బేకరీ ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు. విద్యార్థులు అరిటాకులు ఎత్తారు, గదంతా ఆవిరి కమ్మింది. పై మెట్టు పలక ఊడదీసి గింజలని కింది పెట్టెలోకి తోస్తుంటే పెద్దావిడ పక్కన నిలబడి చెప్తోంది, మధ్యవి అంచులకి పోవాలి, అంచులవి మధ్యకి రావాలి, మూలలు గోకండి, మూలలు, ఇంకా ఉన్నాయక్కడ.